పెద్ద ట్యాంకులో చేపల్ని లెక్కపెట్టకండి, మేత తూచండి

"ఏవండీ, ఆరడుగుల ట్యాంకు కట్టించాను. ఎన్ని చేపలు వేసుకోవచ్చు?"

భీమవరం దగ్గర చెరువు నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్ నడుపుతాను. ఒకప్పుడు రొయ్యల రైతులూ చేపల రైతులూ మాత్రమే సీసాలు పట్టుకొచ్చేవారు. ఇప్పుడు హాల్లో పెద్ద అక్వేరియం పెట్టుకున్నవాళ్లు కూడా వస్తున్నారు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. "రోజుకి ఎన్ని గ్రాముల మేత వేద్దామనుకుంటున్నారు?" అని నేను తిరిగి అడిగితే బిక్కమొహం వేస్తారు. చెరువు రైతుని అడిగి చూడండి, టక్కున చెబుతాడు. చెరువులో ఎన్ని పిల్లలు వదిలాడో అతనికి ఒక అంచనా మాత్రమే ఉంటుంది గానీ, రోజుకి ఎన్ని బస్తాల మేత పోతోందో గట్టిగా తెలుసు. మబ్బు పట్టిన రోజు అతను ముందు తగ్గించేది కూడా మేతే. నీళ్లలో పుట్టే అమ్మోనియా అంతా ఆ బస్తాల్లోంచే వస్తుందని అతనికి అనుభవం నేర్పింది.

మా ఇంట్లో ఆరడుగుల ట్యాంకుని కూడా నేను ఇదే పద్ధతిలో నడుపుతాను. "గ్యాలన్‌కి ఒక అంగుళం చేప" అనే పాత సూత్రం ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. టెట్రాల్లాంటి చిన్న చేపలకైతే ఏదో సరిపెట్టుకోవచ్చు. పెద్ద చేపల దగ్గర అది నిలువునా ముంచుతుంది. చేప పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. తినేదీ విసర్జించేదీ బరువుని బట్టి ఉంటాయి తప్ప పొడవుని బట్టి కాదు.

ముందు నీళ్లెన్నో తేల్చుకోండి

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్యాంకుని షాపువాళ్లు 680 లీటర్లని అమ్ముతారు. అది బయటి కొలత. 12 మిల్లీమీటర్ల అద్దం మందం తీసేయండి. పైన వదిలే రెండంగుళాల ఖాళీ, అడుగున వేసే అంగుళంన్నర ఇసుక తీసేయండి. లోపల 180 సెంటీమీటర్ల పొడవు, 58 వెడల్పు, 51 నీటి ఎత్తు మిగులుతాయి. మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే 532 లీటర్లు. రాళ్లు, చెక్క మొద్దులు పెట్టాక 520 అనుకోండి. కింద సంపు (ఫిల్టర్ కోసం ట్యాంకు కింద పెట్టే రెండో తొట్టి) ఉంటే అందులో తిరిగే నీళ్లు ఓ 80 లీటర్లు కలిపి మొత్తం 600. ఇక్కడ చెప్పే లెక్కలన్నీ ఈ 600 లీటర్ల మీదే. మీ అంకె వేరైతే ఆ నిష్పత్తిలో మార్చుకోండి. ఉప్పు వేసినా మందు వేసినా ఆధారం ఈ అంకే. 680 అనుకుని మందు వేస్తే పదమూడు శాతం పైన ఎక్కువ పడినట్టే.

బరువు సంగతి కూడా చూసుకోండి. నీళ్లు, అద్దాలు, ఇసుక, స్టాండు అన్నీ కలిపి టన్నుకి అటూ ఇటూ ఉంటుంది. పై అంతస్తులో పెట్టేటట్టయితే గోడవారగా, బీము ఎక్కడుందో ఇంజనీరుని అడిగి పెట్టండి.

మేత నుంచి నైట్రేట్ దాకా

ఆక్వాలో వాడే లెక్క ఒకటుంది. చేప కిలో మేత తింటే సుమారు 30 గ్రాముల అమ్మోనియా నత్రజని నీళ్లలో కలుస్తుంది. మాంసకృత్తులు బాగా ఉన్న మేతైతే ఇంకాస్త ఎక్కువే. ఇందులో ఎక్కువ భాగం చేప మొప్పల్లోంచే బయటికి వస్తుంది, మలంలోంచి వచ్చేది తక్కువ. అందుకే అడుగున చెత్త ఎంత శుభ్రంగా లాగినా అమ్మోనియా ఆగదు.

ఫిల్టర్‌లో ఉండే బ్యాక్టీరియా ఈ అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు. మూడోది మరీ పెరిగితే తప్ప పెద్దగా హాని చేయదు, కానీ దానంతటది పోదు. మొక్కలు కొంత తీసుకుంటాయి. పెద్ద చేపలున్న ట్యాంకులో మొక్కలు బతకడమే కష్టం కాబట్టి, దాన్ని బయటికి పంపాలంటే నీళ్లు మార్చాల్సిందే.

అంకెల్లో చూద్దాం. రోజుకి 12 గ్రాముల మేత వేస్తే 0.36 గ్రాముల నత్రజని వస్తుంది. నైట్రేట్‌గా మారాక, ఆక్సిజన్ కూడా కలిసి, అది 1.6 గ్రాములవుతుంది. 600 లీటర్లలో అది రోజుకి 2.7 పీపీఎం (లీటరుకి అన్ని మిల్లీగ్రాములు), వారానికి దాదాపు 19. వారానికోసారి సగం నీళ్లు మారుస్తూ పోతే కొన్ని వారాలకి ఒక స్థాయి దగ్గర నిలబడుతుంది: మార్చేముందు 37, మార్చాక 19. అదే మేతకి పావువంతు నీళ్లే మారిస్తే? మార్చేముందు 75 దాకా పోతుంది. మా ఇంట్లో నేను 40 దాటనివ్వను. కాబట్టి 600 లీటర్ల ట్యాంకుకి, వారానికి సగం నీళ్లు మార్చే ఓపిక ఉంటే, రోజుకి 12 గ్రాముల మేత అని గీత గీసుకోవచ్చు. ఓపిక సగమే ఉంటే మేత కూడా సగమే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మీ బోరు నీళ్లలోనే నైట్రేట్ ఉంటే అదంతా పైన కలుస్తుంది. తాగునీటికి మన భారతీయ ప్రమాణం 45 పీపీఎం వరకు ఒప్పుకుంటుంది. బోరులో 30 ఉందనుకోండి, పై లెక్కలో 37 కాస్తా 67 అవుతుంది, ఎన్నిసార్లు నీళ్లు మార్చినా 30 కిందికి రాదు. ట్యాంకు నీళ్లతో పాటు మార్చడానికి వాడే నీళ్లు కూడా ఒక సీసాలో తెమ్మని అందరికీ అందుకే చెబుతాను. చాలామంది తేరు.

12 గ్రాముల మేతకి ఎన్ని చేపలు?

ఎదిగిన పెద్ద చేపకి రోజుకి దాని బరువులో ఒక శాతం మేత చాలు. వయసు మళ్లిన ఆస్కార్ చేపకి అదీ ఎక్కువే. ఎదిగే పిల్లకి మూడు నుంచి ఐదు శాతం కావాలి. చిన్న జాతి చేపలకి రెండు శాతం వేసుకోండి. ఈ లెక్కన 12 గ్రాముల మేత అంటే దాదాపు 1.2 కిలోల ఎదిగిన చేప. అంతే!

"ఇంత ట్యాంకుకి కిలోంపావేనా?" అని నిరుత్సాహపడతారు. మా వైపు ఎకరా చెరువులో ఐదడుగుల నీళ్లుంటే నాలుగు టన్నుల చేప తీస్తే మంచి దిగుబడి. అంటే వెయ్యి లీటర్లకి ముప్పాతిక కిలో కూడా ఉండదు. పైగా అక్కడ ఎండ ఉంది, అమ్మోనియాని తినేసే ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) ఉంది, అడుగున మట్టి ఉంది, ఏరియేటర్లున్నాయి. మీ హాల్లో ట్యాంకులో వెయ్యి లీటర్లకి రెండు కిలోలు అంటే ఇప్పటికే చెరువుకి రెండున్నర మూడు రెట్ల రద్దీ.

అడుగు పొడవున్న ఆస్కార్ ఒక్కోటి 600 గ్రాములుంటుంది. రెండు ఆస్కార్లు వేస్తే కోటా దగ్గరపడ్డట్టే. వాటికి ముప్పాతిక శాతం చొప్పున మేత వేస్తే 9 గ్రాములు, మిగతా 3 గ్రాముల్లో మూడు నాలుగు సిల్వర్ డాలర్ చేపలు సర్దుకుంటాయి. చూడ్డానికి ట్యాంకు ఖాళీగా ఉంటుంది, నిజమే. నాకైతే అలా ఉన్న ట్యాంకే అందంగా ఉంటుంది. చేప మలుపు తిరగడానికి చోటుండాలి కదా.

గుంపు కావాలనుకునేవాళ్లకి నేను చెప్పేది బోసెమాని రెయిన్‌బో. నాలుగంగుళాలకి మించదు, బరువు పది పదిహేను గ్రాములు. మన గట్టి బోరు నీళ్లు దానికి ఇష్టం, వెచ్చదనమూ ఇష్టం. పాతిక వేసినా 350 గ్రాములు, మేత 7 గ్రాములు. మిస్ కేరళ చాలామంది అడుగుతారు. పడమటి కనుమల వాగుల్లో పుట్టిన చేప అది, చల్లటి పారే నీళ్లు కావాలి. మే నెలలో భీమవరంలోనో ఖమ్మంలోనో ఏసీ లేని హాల్లో దాన్ని పెట్టడం నా మటుకు నాకు పాపమే అనిపిస్తుంది.

అసలు చిక్కు పిల్లల్ని కొనేటప్పుడు వస్తుంది. రెండంగుళాల ఆస్కార్ పిల్ల మూడు నాలుగు గ్రాములుంటుంది. పది వేశారు, మొత్తం 35 గ్రాములు, మేత ఒకటిన్నర గ్రాము. నీళ్లు అద్దంలా ఉంటాయి, ఏ పరీక్ష చేసినా బాగుందనే వస్తుంది. ఆస్కార్ బాగా తింటే ఏడాదికి పదంగుళాలవుతుంది. పొడవు ఐదు రెట్లైతే బరువు 125 రెట్లు. ఆ పది చేపలూ నాలుగు కిలోలు దాటతాయి, రోజుకి 40 గ్రాముల పైన తింటాయి. సగం నీళ్లు మారుస్తున్నా నైట్రేట్ 120 దాటుతుంది. "మొన్నటిదాకా బాగుందండీ, ఏమైందో తెలీదు" అంటూ వచ్చేవాళ్లలో సగం మంది కథ ఇదే. కొనేటప్పుడే ఆ జాతి ఎదిగాక ఎంతవుతుందో చూసి, ఆ బరువుతో లెక్కేసుకోండి.

మా ఊళ్లవాళ్లకి ఇంకో మాట. అక్వేరియం షాపులో "షార్క్" అని అమ్మే వెండి రంగు పిల్ల ఏమిటో తెలుసా? కైకలూరు, ఆకివీడు చెరువుల్లో పెంచే ఫంగస్ చేపే, పంగాసియస్. చెరువులో ఆరేడు నెలల్లో కిలో తూగుతుంది. ఎర్ర పొట్టతో పిరానాలా కనిపించే పాకు మన రూప్‌చంద్. షాపులో వేలెడంత ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటాయి. అద్దాలు తుడిచే "సక్కర్" కూడా అంతే, అడుగున్నర దాకా పెరుగుతుంది, పాచి కంటే ఎక్కువ మలం వదులుతుంది. పాచికి దాన్ని తెచ్చుకోవడం కన్నా వారానికోసారి స్క్రబ్బర్‌తో మీరే తుడుచుకోవడం నయం.

చేప వేయకముందు ఫిల్టర్‌కి తిండి

కొత్త ఫిల్టర్‌లో బ్యాక్టీరియా ఉండదు. దాన్ని పెంచడానికి మన వేడిలో, 28 నుంచి 30 డిగ్రీల్లో, మూడు నుంచి ఐదు వారాలు పడుతుంది. చేపని బలిపెట్టి పెంచనక్కర్లేదు. అమ్మోనియం క్లోరైడ్ తెచ్చుకోండి. కళాయి వేసేవాళ్లు వాడే నవాసారం అదే, కాకపోతే బజారుది వద్దు, రసాయనాల షాపులో ల్యాబ్ రకం అడగండి. 600 లీటర్లకి 4.6 గ్రాములు కరిగించి పోస్తే అమ్మోనియా 2 పీపీఎం వస్తుంది. అది సున్నాకి పడిపోయాక మళ్లీ అంతే పోయండి. మధ్యలో నైట్రైట్ ఆకాశానికంటుతుంది, కంగారుపడకండి. 2 పీపీఎం పోసిన ఇరవైనాలుగు గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయితే ఫిల్టర్ తయారైనట్టు. అప్పుడు సగంపైన నీళ్లు మార్చి చేపలు వేయండి. తెలిసినవాళ్ల ఆరోగ్యమైన ట్యాంకు నుంచి వాడిన స్పాంజ్ ముక్క దొరికితే ఈ గడువు సగానికి సగం తగ్గుతుంది. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

ఆ 2 పీపీఎం అంటే 1.2 గ్రాముల నత్రజని, 40 గ్రాముల మేతకి సమానం. అంటే మీ ఫిల్టర్ 12 గ్రాముల కోటాకి మూడు రెట్ల బలంతో మొదలవుతుంది. అయినా చేపలన్నీ ఒకేసారి దించకండి. మేత తక్కువ పడినప్పుడు బ్యాక్టీరియా కూడా దానికి తగ్గట్టు తగ్గిపోతుంది. కొన్ని వేసి, రెండు మూడు వారాలు చూసి, మిగతావి. కొత్త చేపల్ని వేరే చిన్న ట్యాంకులో అన్ని రోజులూ ఉంచి చూస్తే జబ్బుల బెడద కూడా తప్పుతుంది.

పీహెచ్, బోరు నీళ్లు, ఆర్వో

అమ్మోనియా ఎంత ఉందనేది సగం సమాచారమే. పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె, ఎంతుందో కూడా తెలియాలి. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, అందులో ఒకటే మొప్పలు దాటి లోపలికి పోయి చంపుతుంది. 30 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 ఉంటే ఆ విషపు వాటా నూటికి ఒకటి కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే ఏడున్నర శాతం, 8.5 అయితే ఇరవై శాతం. కిట్‌లో 0.5 పీపీఎం అని వచ్చిందనుకోండి. పీహెచ్ 7 ట్యాంకులో మేత ఆపి, కారణం వెతకడానికి టైముంది. 8.5 ట్యాంకులో అదే అంకె వస్తే వెంటనే నీళ్లు మార్చాలి.

బోరు నీళ్ల పీహెచ్ మోటారు దగ్గర చూస్తే 7.2 ఉండొచ్చు. భూమిలోంచి వచ్చిన నీళ్లలో కార్బన్ డై ఆక్సైడ్ ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. డ్రమ్ములో పోసి రాత్రంతా గాలి కొడితే తెల్లారేసరికి 8 దాటుతుంది. మీ ట్యాంకుకి ఆ రెండో అంకే లెక్క. మున్సిపాలిటీ నీళ్లైతే క్లోరిన్ ఉంటుంది, ఫిల్టర్‌లో బ్యాక్టీరియాని చంపేస్తుంది. హ్యాచరీల్లో బ్లీచింగ్ విరగ్గొట్టడానికి వాడే హైపో గింజలే, సోడియం థయోసల్ఫేట్, 100 లీటర్లకి ఒక గ్రాము చాలు.

ఇక ఆర్వో. "మంచి నీళ్లు పోద్దామని వాటర్ ప్లాంట్ టిన్నులు పోశానండీ" అనేవాళ్లు నెలకొకరైనా వస్తారు. మంచి ఉద్దేశమే. కానీ బ్యాక్టీరియా అమ్మోనియాని మార్చే పనిలో నీళ్లలో ఉన్న ఆల్కలినిటీని (పీహెచ్ పడిపోకుండా కాపాడే లవణాల్ని) తినేస్తుంది. ఒక మిల్లీగ్రాము నత్రజనికి 7 మిల్లీగ్రాములు. 12 గ్రాముల మేత దగ్గర ఇది రోజుకి 4 పీపీఎం, వారానికి 30. బోరు నీళ్లలో ఆల్కలినిటీ 200, 300 ఉంటుంది కాబట్టి తెలియదు. ఆర్వో నీళ్లలో 10, 20 కూడా ఉండదు. వారం తిరిగేలోపు అయిపోతుంది, పీహెచ్ 6కి జారుతుంది, అక్కడ బ్యాక్టీరియా పని ఆపేస్తుంది, అమ్మోనియా పోగవుతుంది. ఆర్వో వాడాలనుంటే సగం బోరు నీళ్లు కలపండి, ఆల్కలినిటీ 80 తగ్గకుండా చూసుకోండి. తగ్గితే వంట సోడా ఉంది. 600 లీటర్లకి 20 గ్రాములు వేస్తే ఆల్కలినిటీ 20 పీపీఎం పెరుగుతుంది. ఒక్కరోజులో అంతకు మించి వేయకండి.

నెలల తరబడి నీళ్లు మార్చని ట్యాంకుల్లో ఇదే నిదానంగా జరుగుతుంది. పీహెచ్ 6కి పడి, అమ్మోనియా ఐదారు పీపీఎం ఉన్నా, ఆ పీహెచ్ దగ్గర విషపు వాటా దాదాపు లేదు కాబట్టి చేపలు తిరుగుతూనే ఉంటాయి. యజమానికి ఒక ఆదివారం బుద్ధి పుట్టి, పీహెచ్ 8.2 ఉన్న బోరు నీళ్లు సగం పోస్తాడు. పీహెచ్ లేచేసరికి ఆ అమ్మోనియా అంతా విషంగా మారుతుంది. సాయంత్రానికి చేపలు పైకి తేలతాయి, నింద కొత్త నీళ్ల మీద పడుతుంది. అలాంటి ట్యాంకుకి ముందు మేత పూర్తిగా ఆపి, రోజుకి పది శాతం చొప్పున మారుస్తూ, అమ్మోనియా, పీహెచ్ రెండూ రోజూ చూసుకుంటూ పైకి తేవాలి.

నైట్రైట్ కనిపిస్తే 100 లీటర్లకి 50 గ్రాముల కల్లుప్పు కరిగించి పోయండి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. రొయ్యల చెరువుల్లో కంటే మంచినీటి చేపలకి ఇది ఇంకా అవసరం, ఎందుకంటే వాటి నీళ్లలో క్లోరైడ్ తక్కువ.

ఎండాకాలం, కరెంటు

25 డిగ్రీల దగ్గర నీళ్లు లీటరుకి 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి. 30 దగ్గర 7.5, 35 దగ్గర 7 లోపే. వేడెక్కేకొద్దీ చేపకి కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది, ఫిల్టర్ బ్యాక్టీరియాకీ పెరుగుతుంది. ఒక గ్రాము నత్రజనిని మార్చడానికి అది నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్ తాగుతుంది. కాబట్టి ఏప్రిల్ నుంచి జూన్ వర్షాల దాకా 12 గ్రాముల కోటాని 8కి తగ్గించేస్తాను. చేపలు అలుగుతాయి, అద్దం దగ్గరికొచ్చి చూస్తాయి. పట్టించుకోను.

నీటి ఉపరితలం కదులుతూ ఉండాలి. ఫిల్టర్ నీళ్లు పడే గొట్టాన్ని పైకి తిప్పండి, ఎయిర్ స్టోన్లు రెండు వేయండి. మూత తీసి చిన్న ఫ్యాను నీళ్ల మీదికి పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కాకపోతే నీళ్లు ఆవిరైపోతాయి, లవణాలు మిగిలిపోతాయి. ఆ తగ్గిన మేరకు బోరు నీళ్లు పోస్తూ పోతే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) నెలనెలా ఎక్కుతుంది. ఆర్వో నీళ్లకి అసలైన పని ఇక్కడ ఉంది: ఆవిరైనది పూడ్చడానికి అవే పోయండి. చేపలు దూకేవైతే మూత బదులు వల కట్టండి.

డాబా మీద నల్ల ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాలతాయి. ఎండాకాలం నీళ్లు మార్చేది తెల్లవారుజామునే.

కరెంటు పోతే ముందు ఎయిర్ పంపు ఆగకూడదు. ఇన్వర్టర్ లైన్ మీద పెట్టండి, లేదా బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొనిపెట్టుకోండి, ధర పెద్ద ఎక్కువేం కాదు. కరెంటు వచ్చి గంటయ్యేదాకా మేత వద్దు. క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట పెట్టే మూత బిగించిన డబ్బా ఫిల్టర్) వాడేవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. నాలుగైదు గంటలు ఆగిపోయిన క్యానిస్టర్ ఎండాకాలం మూతపెట్టి మర్చిపోయిన పప్పు గిన్నెతో సమానం. దాన్ని అలాగే ఆన్ చేస్తే ఆ మురుగంతా ట్యాంకులోకి పోతుంది. మూత తీసి, లోపలి నీళ్లు పారబోసి, ట్యాంకు నీళ్లతో ఒకసారి కడిగి అప్పుడు ఆన్ చేయండి.

తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి గుటకలు వేస్తుంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (డీవో) పడిపోయిందని గుర్తు. పగలు కూడా అదే పని చేస్తుంటే, గాలి బాగానే ఉంటే, అమ్మోనియా, నైట్రైట్ చూడండి. ఒక్క చేపే చేస్తుంటే దాని మొప్పల్లో ఏదో జబ్బు.

వారం వారం చేసే పని

బంగారం తూచే చిన్న త్రాసు ఒకటి కొనుక్కోండి, ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకే దొరుకుతుంది. ఏడు చిన్న డబ్బాల్లో కాదు, ఆరు డబ్బాల్లో వారం మేత తూచి పెట్టుకోండి. ఏడో రోజు పస్తు. ఇంట్లో ఎవరు వేసినా డబ్బాలోదే వేయాలి, డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అంతే. ఈ పద్ధతి లేకపోతే ఉదయం మీరు, మధ్యాహ్నం అమ్మగారు, సాయంత్రం పిల్లలు, పండక్కి వచ్చిన బావమరిది మ్యారీ బిస్కెట్ ముక్క. ఎవరికి వాళ్లు కొంచెమే వేశామంటారు, నైట్రేట్ మాత్రం అబద్ధం చెప్పదు.

పరీక్ష నీళ్లు మార్చే ముందు చేయండి. మార్చాక చేస్తే ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. ముంచితే రంగు మారే కాగితం పట్టీలకన్నా చుక్కల కిట్ నమ్మకం. నైట్రేట్ కిట్‌లో రెండో సీసా అడుగున మందు పేరుకుపోతుంది, అర నిమిషం గట్టిగా గిలకొట్టకపోతే లేని తక్కువ చూపిస్తుంది. నోట్‌బుక్‌లో నాలుగు గడులు చాలు: వారం మేత గ్రాములు, మార్చేముందు నైట్రేట్, పీహెచ్, వేడి. మేతని బట్టి పెరగాల్సిన నైట్రేట్ ఎంతో మీకిప్పుడు తెలుసు. వారానికి 19 పెరగాల్సింది 35 పెరిగిందంటే, డబ్బా బయట ఎవరో మేత వేస్తున్నారు, లేదా రాయి వెనకాల చేప చచ్చి ఉంది, లేదా ఫిల్టర్‌లో చెత్త కుళ్లుతోంది. మూడూ వెతకండి. పెరగాల్సిన దానికన్నా తక్కువ పెరుగుతూ, పీహెచ్ పడిపోతుంటే ఆల్కలినిటీ చూడండి.

ఫిల్టర్‌లో దూది లాంటి పొర వారానికోసారి కడగాలి. అందులో చిక్కుకున్న చెత్త కంటికి కనపడకపోయినా నీళ్లలో ఉన్నట్టే, కరుగుతూనే ఉంటుంది. బ్యాక్టీరియా ఉండే స్పాంజ్, సిరామిక్ గొట్టాలు మాత్రం రెండు మూడు నెలలకోసారి, సగం ఈసారి, సగం వచ్చేసారి, తీసిన ట్యాంకు నీళ్లలోనే ముంచి ఆడించండి. కుళాయి కింద పెట్టి తళతళలాడేలా తోమితే ఐదు వారాల కష్టం పోతుంది.

కోటా దాటిన చేపలు

ఎంత లెక్కేసుకున్నా ఒకటో రెండో అనుకున్నదానికన్నా పెరుగుతాయి, లేదా ఆస్కార్ జంట కట్టి గుడ్లు పెట్టి మిగతావాటిని మూలకి తరుముతుంది. ఏదో ఒకటి తీసేయాల్సిందే. చాలా షాపులు పెద్ద చేపని తీసుకుని మేతో, మందో ఇస్తాయి. ఊళ్లో పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులుంటాయి, అక్కడ అడగండి.

కాలవలో వదలడం మాత్రం చేయకండి. ట్యాంకు సక్కర్ మన చెరువుల్లోకీ కాలవల్లోకీ చేరి ఏం చేస్తోందో రైతుల్ని అడిగితే చెబుతారు. ఒంటి మీద పలకలు, ముళ్లు ఉండడంతో వలలు చిరిగిపోతాయి, గట్లలో బొరియలు తవ్వుతుంది, వేసిన మేతలో వాటా తీసుకుంటుంది, కొనేవాడుండడు. దాన్ని దెయ్యం చేప అంటున్నారు. అది ఎవరో ఒకరి హాల్లోంచి వచ్చిందే.

ఫంగస్‌నీ రూప్‌చంద్‌నీ ఏం చేయాలని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. మార్కెట్లో ఉన్న చేపే కదా, కూర వండుకోవచ్చా అని. ట్యాంకులో మచ్చలకో పురుగుకో వేసే నీలం, ఆకుపచ్చ మందుల్లో చాలావాటిని తినే చేపలకి వాడకూడదు. ఎప్పుడైనా మందు వేసి ఉంటే ఆ చేప వంటింటికి పోకూడదు. అదీగాక పిల్లలు దానికి ఈపాటికి పేరు పెట్టేసి ఉంటారు.